గడ్డపార పేరు: ఐరాల సరిహద్దు నుంచి ఒక పరిశీలన

నేల తవ్వే పనిముట్లలో గడ్డపార తెలియని పల్లె ఉండదు. ఇది మనిషి ఛాతీ ఎత్తుకు అటూ ఇటూగా ఉండే ఇనుప కడ్డీ. ఒక కొన మొనదేలి ఉంటుంది, రెండో కొన చాలావాటిలో చదునుగా సాగి ఉంటుంది. గట్టినేలను పెళ్లగించడానికి, రాళ్లను కదలించడానికి, కొట్టాం గుంజలకు గుంతలు తీయడానికి వాడతారు. దీని పేరు వినగానే అర్థం తేటతెల్లంగా ఉన్నట్టు తోస్తుంది: గడ్డలు పగలగొట్టే పార గనుక గడ్డపార. ఈ వివరణను యథాతథంగా అంగీకరించవచ్చా, పొరుగు భాషల సాక్ష్యం దాన్ని ఎంతవరకు నిలబెడుతుంది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

1. పరిశీలనకు ఐరాలను ఎంచుకోవడం ఎందుకు?

ఐరాల చిత్తూరు జిల్లాలో మండల కేంద్రం. కాణిపాకం ఈ మండలంలోనిదే. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా అయిన తరువాత కూడా ఐరాల చిత్తూరులోనే ఉంది. ఇక్కడి నుంచి దక్షిణానికి, తూర్పుకు కొద్ది దూరం పోతే తమిళం, పలమనేరు దాటి పడమరకు పోతే కన్నడం వినిపిస్తాయి. ఒకే పనిముట్టుకు మూడు భాషల్లో ఉన్న పేర్లను పక్కపక్కన పెట్టి చూడడానికి ఇటువంటి సరిహద్దు అనువైనది. అయితే సరిహద్దు సాక్ష్యంలో ఒక చిక్కు కూడా ఉంది. రెండు భాషల్లో ఒకే మాట కనిపించినప్పుడు అది ఉమ్మడి వారసత్వమా, ఇటీవలి ఎరువా అన్నది పోలికను బట్టి మాత్రమే తేలదు.

2. ఆధారాలు, వాటి పరిమితులు

(అ) నిఘంటువులు: బ్రౌన్ తెలుగు నిఘంటువు (1852), గుండర్ట్ మలయాళ నిఘంటువు (1872), కిట్టెల్ కన్నడ నిఘంటువు (1894), మద్రాసు విశ్వవిద్యాలయం వారి తమిళ లెక్సికన్ (1924–36) ఇక్కడ ముఖ్యమైనవి. ఒక మాట నిఘంటువుకు ఎక్కిన సంవత్సరం ఆ మాట పుట్టిన సంవత్సరం కాదు. పైగా పండితులు కూర్చిన కోశాల్లో కూలీల పనిముట్ల పేర్లకు దక్కిన చోటు తక్కువ.

(ఆ) క్షేత్ర సేకరణ: భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. రైతుల నోట విన్న మాటలను ప్రాంతాలవారీగా నమోదు చేసిన గ్రంథం కనుక ఇటువంటి విషయంలో దీని బరువు ఎక్కువ.

(ఇ) తులనాత్మక కోశం: బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం 1961లో, దాని రెండో కూర్పు 1984లో వచ్చాయి. రెండో కూర్పు పైన చెప్పిన తెలుగు వృత్తిపదకోశాన్ని కూడా వినియోగించుకుంది.

3. తెలుగునాట పేర్ల వ్యాప్తి

స్థూలంగా చూస్తే గడ్డపార రాయలసీమలోను, తెలంగాణలోను ఎక్కువగా వినిపిస్తుంది. కోస్తా జిల్లాల్లో గునపం ప్రచురం. పలుగు అనే మాట పలు ప్రాంతాల్లో ఉంది, ‘పలుగూ పారా’ అనే జంటగా అంతటా తెలుసు. ఈ ఎల్లలు గీత గీసినట్టు ఉండవు. ఒకే ఊరిలో రెండు పేర్లు వాడుకలో ఉండడం అరుదు కాదు. పలుగుకు పగులగొట్టడం అనే భావంతోను, పల్లు అనే మాటతోను సంబంధం ఊహించవచ్చు. ధ్వనిపరంగా రెండూ అసాధ్యం కావు కనుక ఒకదానికే కట్టుబడడం తొందరపాటు అవుతుంది.

4. రెండో భాగం: పార

గడ్డపార అనే సమాసంలో ‘పార’ విషయం కొంత తేటగా ఉంది. తెలుగులో ఒంటరిగా పార అంటే వెడల్పు రేకు, కర్ర పిడి ఉన్న పనిముట్టు. తవ్విన మన్నును లాగడానికి, ఎత్తడానికి, మడవ కట్టడానికి అది కావాలి. కాని తమిళంలో ‘పారై’ అంటే ప్రధానంగా ఇనుప కడ్డీ. గడ్డి చెక్కే చిన్న పనిముట్టు అనే అర్థం కూడా దానికి చెబుతారు. మలయాళంలోని ‘పార’ కూడా ఇనుప కడ్డీయే. కన్నడంలోని ‘హారె’ కూడా అదే. కన్నడంలో పదాది పకారం మధ్యకాలంలో హకారమైంది. పాలు ‘హాలు’ అయినట్టు, పులి ‘హులి’ అయినట్టు పారె ‘హారె’ అయిందనడంలో ఇబ్బంది లేదు.

అంటే ఒకే మాట దక్షిణాన, పడమట కడ్డీని, తెలుగునాట రేకు ఉన్న పనిముట్టును తెలుపుతున్నది. మూడు భాషలు ఒకవైపు ఉన్నాయి కనుక కడ్డీ అనే అర్థమే పాతది కావచ్చు. తెలుగులో అర్థం మారి, పార రేకు పనిముట్టుకు స్థిరపడిన తరువాత, కడ్డీని వేరుగా చెప్పడానికి ముందు ఒక విశేషణం అవసరమై ఉండవచ్చు. అయితే తమిళంలో ఒంటి ‘పారై’ ఉండగానే ‘కడప్పారై’ కూడా ఉంది. కాబట్టి అవసరం అనే వాదం ఒక్కటే సమాసం పుట్టుకను పూర్తిగా వివరించదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తమిళంలో బండరాయిని తెలిపే ‘పాఱై’లో ఉన్నది శకటరేఫం (ఱ). లెక్సికన్‌లో కడ్డీని తెలిపే ‘పారై’లో ఉన్నది సాధు రేఫం. నేటి తమిళ రాతలో కడప్పారై రెండు విధాలుగానూ కనిపిస్తుంది. ‘బండను పెకలించేది కనుక ఆ పేరు’ అనే వివరణ ఈ కలగాపులగం నుంచి పుట్టి ఉండే అవకాశం ఉంది.

5. మొదటి భాగం: మూడు ప్రతిపాదనలు

అసలు చిక్కు ‘గడ్డ’ దగ్గర ఉంది.

మొదటిది, గడ్డ + పార. మట్టిగడ్డలను పగలగొట్టేది అన్న అర్థం పనికి సరిపోతుంది. కోస్తాలో ‘గడ్డపలుగు’ అనే మాట ఉండడం దీనికి బలం. పలుగుకు ముందు కూడా గడ్డ చేరిందంటే, కనీసం ఆ మాట పుట్టిన నాటికి ‘గడ్డ’ అర్థవంతమైన విశేషణంగా నిలిచి ఉందని చెప్పవచ్చు.

రెండవది, గడ + పార. గడ అంటే పొడవైన కర్ర, వాసం. పొడుగాటి కడ్డీ రూపానికి ఇది సరిపోతుంది. ‘గడపార’ అనే ఉచ్చారణ తెలుగునాట ఉన్నదే. తరువాతి కాలంలో జనం దాన్ని తమకు తెలిసిన ‘గడ్డ’తో కలిపి అర్థం చేసుకుని డకారాన్ని ద్విత్వం చేసి ఉండవచ్చు.

మూడవది, తమిళ మూలం. ‘కడప్పారై’లోని మొదటి భాగాన్ని దాటడం, కదలించడం అనే అర్థమిచ్చే తమిళ ధాతువులతో ముడిపెట్టవచ్చు. రాళ్లను జరిపే మీటగా దీని వాడకాన్ని బట్టి ఈ వివరణ కూడా కొట్టివేయదగినది కాదు.

6. సాక్ష్యాల తూకం

(అ) తమిళ ‘కడప్పారై’లో ఒంటి డకారమే ఉంది. కన్నడంలో ఇదే పనిముట్టుకు ‘గడారి’ అనే పేరు కూడా ఉంది. అది గడపారె, గడహారె అనే దశల మీదుగా వచ్చిందనుకుంటే అందులోనూ డకారం ఒంటిదే. ద్విత్వం తెలుగు ‘గడ్డపార’లో మాత్రమే కనిపిస్తున్నది. తమిళ కన్నడాలు రెండూ ద్విత్వాన్ని చక్కగా నిలుపుకునే భాషలే. మూలరూపంలో ద్విత్వం ఉండి ఉంటే రెండు చోట్లా అది జారిపోవడం అంత సహజం కాదు. ఈ కారణంగా మొదటి ప్రతిపాదన కొంత బలహీనపడుతుంది.

(ఆ) రెండో ప్రతిపాదనను ధ్వని సూత్రాలతో పరీక్షించవచ్చు. తమిళంలో ‘ఴ’ ఉన్న చోట తెలుగులో తరచు డకారం కనిపిస్తుంది: తమిళ కోఴి, తెలుగు కోడి, తమిళ ఏఴు, తెలుగు ఏడు. ఈ లెక్కన తెలుగు గడకు తమిళంలో సాటి మాట ‘కఴై’. సమాసం తమిళంలోనే ‘కఴై’తో పుట్టి ఉంటే అందులో ఴకారం కనిపించాలి, కాని ఉన్నది డకారం. కన్నడంలో కూడా వాసాన్ని తెలిపే మాట ‘గళె’. కనుక మొదటి భాగం నిజంగా గడ అయితే, ఆ సమాసం తెలుగులో ఏర్పడి, తయారైన రూపంలోనే పొరుగు భాషలకు వెళ్లిందని భావించవలసి వస్తుంది.

(ఇ) అటువంటి ప్రయాణానికి దారి ఉందా? ఉంది. బావులు, చెరువులు తవ్వడం, రాయి కొట్టడం వృత్తిగా గల వడ్డెరలు తమిళ, కన్నడ ప్రాంతాల్లో విస్తరించి ఉన్నారు. దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం వీరిని బావులు, చెరువులు తవ్వే తెలుగు పనివారుగానే వర్ణించింది. పనితో పాటు పనిముట్టు, పనిముట్టుతో పాటు పేరు సరిహద్దు దాటడం అసంభవం కాదు. కాని దారి ఉండడం వేరు, ఆ దారిన ఈ మాటే నడిచిందని రుజువు కావడం వేరు.

(ఈ) రెండో ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరం కూడా చెప్పాలి. ‘గడపార’ అనే ఉచ్చారణ పాత రూపం కాకుండా, ‘గడ్డపార’ వేగంగా పలికినప్పుడు అరిగిన రూపం కూడా కావచ్చు. కాబట్టి తెలుగు ఉచ్చారణ భేదాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోకూడదు. పొరుగు భాషల రూపాలతో కలిపి చూసినప్పుడే దానికి విలువ.

7. ఒక పోలిక: గుద్దలి, కుద్దాలం

తవ్వుడు పనిముట్ల పేర్లు భాషలు దాటడం కొత్త సంగతి కాదని గుద్దలి చరిత్ర చూపుతుంది. తెలుగు, కన్నడ, తుళు భాషల్లోని ‘గుద్దలి’, తమిళ ‘కుందాలి’, సంస్కృత ‘కుద్దాలం’, హిందీ ‘కుదాల్’ ఒకదానికొకటి సంబంధించినవే. పాలి జాతక కథల్లో 70వది కుద్దాల జాతకం. సన్యసించినా తన తవ్వుగోల మీది మమకారం చాలాకాలం వదలలేకపోయిన వ్యక్తి కథ అది. మాట ద్రావిడం నుంచి సంస్కృతానికి వెళ్లిందా, అటు నుంచి ఇటు వచ్చిందా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఉభయ పక్షాల వ్యుత్పత్తి కోశాలూ దాన్ని ఎక్కించుకున్నాయి.

దీనికి భిన్నంగా, ఋగ్వేదం మొదటి మండలంలోనే కనిపించి, అమరకోశం వైశ్యవర్గంలోనూ చోటు చేసుకున్న ‘ఖనిత్రం’ తెలుగు రైతు నోట నిలవలేదు. పుస్తకాల మాటకున్న ప్రాచీనత ఒకటి, పొలంలో మాటకున్న మన్నిక మరొకటి. గడ్డపార పుట్టుకను వెదకడంలో గ్రంథాల కంటే శ్రామికుల రాకపోకలకు ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడానికి ఇది ఒక కారణం.

8. కాణిపాకం కథలోని పనిముట్టు

ఐరాల మండలానికి సంబంధించిన తవ్వకం కథ ఒకటి లోకప్రసిద్ధం. మూగ, గుడ్డి, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు నీళ్లు ఇంకిన బావిని లోతు చేస్తుండగా పనిముట్టు ఒక రాతికి తగిలి నెత్తురు చిమ్మిందని, ఆ రాయే వరసిద్ధి వినాయకుడని చెబుతారు. తగిలిన పనిముట్టు కొన్ని కథనాల్లో పార, కొన్నింట గడ్డపార, మరికొన్నింట గునపం. ఈ భేదాన్ని ఎలా చూడాలి?

మొదటిది, పని తీరు. గట్టి అడుగును కడ్డీతో పెళ్లగించి, వదులైన మన్నును పారతో ఎత్తుతారు. బావి పనిలో రెండూ ఉంటాయి కనుక ఏ పేరు చెప్పినా కథ చెడదు. రెండవది, చెప్పేవారి ప్రాంతం. గునపం అన్న కథనం కోస్తా పలుకుబడిని సూచించవచ్చు. కాబట్టి ఈ కథను పనిముట్టు పేరు ప్రాచీనతకు సాక్ష్యంగా తీసుకోవడం క్షేమం కాదు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుడిని పదకొండో శతాబ్దంలో మొదటి కుళోత్తుంగ చోళుడు కట్టించాడని, 1336లో విజయనగర రాజులు విస్తరించారని ప్రచారంలో ఉంది. కుళోత్తుంగుడు 1070లో గద్దెనెక్కాడు కనుక పదకొండో శతాబ్దం అన్న మాట కాలానికి సరిపోతుంది. 1336 మాత్రం సంప్రదాయం ప్రకారం విజయనగర రాజ్యం మొదలైన సంవత్సరమే. ఆర్కాటు సీమలో శంబువరాయల పాలనను విజయనగర యువరాజు కుమార కంపన అంతం చేసింది 1360 ప్రాంతాల్లో. అందువల్ల ఆ సంవత్సరాన్ని అక్షరాలా తీసుకోవడం కష్టం.

ఊరి పేరు విషయానికి వస్తే, ఆ స్వామికి కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి మేర పారడం వల్ల ‘కాణిపారకం’ అయిందంటారు. కాణిని ఎకరం పావుగా వివరిస్తారు. మద్రాసు కొలతలో కాణి దాదాపు 1.32 ఎకరాలు. ఈ ‘పారకం’ పాఱు అనే ధాతువుకు సంబంధించినది, అందులో ఉన్నది శకటరేఫం. పనిముట్టు పేరైన పారతో దీన్ని కలపకూడదు. నేటి తెలుగులో రెండు రేఫలూ ఒకటైపోవడం వల్ల మాత్రమే ఆ పోలిక కనిపిస్తుంది.

9. నిర్ధారణలు

(1) ‘పార’ ద్రావిడ భాషలకు ఉమ్మడి మాట. దాని పాత అర్థం ఇనుప కడ్డీ అయి ఉండే అవకాశం ఎక్కువ.

(2) ‘గడ్డలు పగలగొట్టేది’ అనే వివరణ అర్థానికి సరిపోయినా, పొరుగు భాషల్లోని ఒంటి డకారం దానికి అనుకూలంగా లేదు. అది తరువాత కల్పించుకున్న వ్యుత్పత్తి కావచ్చు.

(3) ‘గడ + పార’ అనే విభాగానికి ధ్వని సాక్ష్యం, వృత్తి చరిత్ర రెండూ ప్రస్తుతానికి ఎక్కువ మద్దతు ఇస్తున్నాయి. తమిళ మూల వాదాన్ని మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేము.

(4) కాణిపాకం స్థలపురాణంలోని పనిముట్టు పేరు చెప్పేవారిని బట్టి మారుతున్నది. దాన్ని కాలనిర్ణయానికి వాడకూడదు.

ఈ నిర్ధారణలను బలపరచగలిగినా, తలకిందులు చేయగలిగినా అది పాత రూపాల సేకరణ వల్లే సాధ్యం. బావి తవ్వకం యంత్రాల పాలయ్యాక చేతిపనిముట్ల పేర్లు, వాటి భాగాల పేర్లు పెద్దవాళ్ల నోటనే మిగిలి ఉన్నాయి. ఐరాల, పలమనేరు, పూతలపట్టు ప్రాంతాల ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊళ్లలో వినిపించే ఉచ్చారణను, డకారం ఒంటిదో జంటదో అనే భేదంతో సహా, ఊరి పేరు, చెప్పినవారి వయసు, వృత్తి చేర్చి రాసిపెట్టాలి. ఆ పని ఈ తరంలోనే జరగాలి.