గడప లోపలి పని
(ప్రసంగపాఠము)

2020 మార్చి 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి ప్రసంగము ముగిసిన పిమ్మట మా ప్రసారకేంద్రములో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఆ అర్ధరాత్రి మొదలు ఇరువదియొక్క దినములు దేశమంతయు ఇంటిలోనే ఉండవలెనని దాని సారాంశము. అంతకు రెండు దినములు ముందుగా, జనతా కర్ఫ్యూ జరిగిన 22వ తేదీననే, తెలుగు రాష్ట్రములు రెండును నెలాఖరు వరకు కట్టడి ప్రకటించి యుండెను. ఇరువదియొక్క దినములనుకొన్నది విడతలు విడతలుగా మే నెలాఖరు వరకు సాగినది. మాలో కొందరము అనుమతిపత్రము చేతబట్టుకొని నిర్మానుష్యమైన వీథులగుండ ప్రతిదినము కేంద్రమునకు వచ్చుచుంటిమి. తక్కినవారు ఇండ్ల వద్దనుండియే పని చేసిరి. ‘ఇంటినుండి పని’ అను మాట ఆ నెలలోనే ఇంటింటి మాటయైనది.

ఇది మునుపెన్నడును లేని వింత యని అందరమును అనుకొంటిమి. చరిత్ర తిరుగవేసి చూడగా అంత వింత కాదని తెలియుచున్నది. మహమ్మారికి వెరచి తలుపు మూసికొని పని చేసినవారు పూర్వమును గలరు. అయితే వారి కథ చెప్పువారు తలుపునకు లోపలివైపు మాత్రమే చూచి చెప్పుట వాడుక. నేటి ప్రసంగమున వెలుపలివైపు కూడ కొంత చూతము.

రోగభయము కలిగినప్పుడు మనుష్యులను వేరుగా నిలిపి యుంచు శాసనము ఐరోపాలోని రేవు పట్టణములలో పుట్టినది. నేడు డుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా నగరము 1377లో, రోగపీడిత ప్రదేశములనుండి వచ్చువారు ముప్పది దినములు వెలుపలనే ఉండవలెనని నియమము చేసినది. తరువాత ఆ గడువు నలువది దినములైనది. ఇటలీ భాషలో నలువదికి గల పేరునుండియే క్వారంటైన్ అను మాట వచ్చినది. ఈ మాట మన హైదరాబాదు వరకును ప్రయాణము చేసినది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతతరమువారు కోరంటి దవాఖానా అని పిలిచెడివారు. ఆ కోరంటి ఈ క్వారంటైనే.

1665లో లండను నగరమున ప్లేగు చెలరేగినది. ఆ యేటి మరణపట్టికలలో ప్లేగువలన చనిపోయినట్లు వ్రాయబడినవారు 68,596 మంది. లెక్కకు రానివారిని కూడ చేర్చినచో సంఖ్య లక్షకు చేరియుండునని చరిత్రకారుల అంచనా. రోగి యున్న ఇంటిని నలువది దినములు మూసివేసి, తలుపుపై ఎర్రని శిలువగుర్తును, దైవకృపను వేడు ఒక వాక్యమును వ్రాసెడివారు. పగటికొకడు, రాత్రికొకడు చొప్పున కావలివారుండిరి. ఆ కావలివానికి రెండు పనులు. లోపలివారు బయటికి పోకుండ చూచుట ఒకటి. వారికి కావలసిన ఆహారాదులు తెచ్చి ఇచ్చుట రెండవది. పనిమీద పోవునపుడు ఇంటికి తాళము వేసి తాళపుచెవి తనతో కొనిపోవలెనని ఆజ్ఞ. అతడు కూడ ఆ గాలినే పీల్చుచు, ఆ గడప ముందే నిలిచిన మనుష్యుడని మనము మరువరాదు.

నౌకాదళ కార్యాలయములో ఉద్యోగియైన శామ్యూల్ పెపీస్ దినచర్య వ్రాసికొనెడివాడు. జూన్ 7వ తేదీన డ్రూరీ లేన్ అను వీథిలో ఎర్రగుర్తు గల రెండు మూడిండ్లను చూచి, మనసు కలతపడి, కొంత పొగాకు కొని వాసన చూచి నమిలినట్లు వ్రాసికొనెను. పొగాకు ఆ రోగమును అడ్డగించునని నాటివారి నమ్మకము. తరువాత అతని భార్య వూలిచ్ గ్రామమునకును, ఆగస్టులో అతని కార్యాలయము గ్రీనిచ్‌నకును తరలినవి. రాజుగారి కొలువు ఆక్స్‌ఫర్డు చేరినది. తరలిపోగలవారు తరలిరి, పోలేనివారు తాళము లోపల నుండిరి.

తరలిపోయినవారిలో ఇరువది రెండేండ్ల ఐజాక్ న్యూటను ఒకడు. ఆ యేడే పట్టభద్రుడైన అతడు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూతపడగా, లింకన్‌షైరులోని వూల్స్‌థార్పు గ్రామమునకు, తల్లి యింటికి చేరెను. సవతితండ్రి విడిచిపోయిన, చాలవరకు ఖాళీగానున్న పెద్ద పుస్తకమొకటి అతని లెక్కలకు ఆధారమైనది. నడుమ 1666లో కొన్ని మాసములు కేంబ్రిడ్జిలో గడపి, మరల ఊరు చేరి, 1667 ఏప్రిలు వరకు ఉండెను. కలనగణితము, వర్ణములను గురించిన పరిశోధన, గురుత్వాకర్షణమును గురించిన తొలి ఆలోచనలు ఈ కాలమున పెంపొందినవని చెప్పుదురు. వానిలో కొన్నిటికి బీజములు కేంబ్రిడ్జిలోనే పడినవనుటయు నిజమే.

2020లో ఈ కథ పెక్కు చోట్ల వినవచ్చినది. ఇంట కూర్చున్న ప్రతి విద్యార్థికిని న్యూటనును చూపి బుద్ధి చెప్పినారు. కాని న్యూటను తల్లి భూవసతి గల ఇల్లాలు. పొలమునుండి ఆదాయము వచ్చెడిది. ఆ యువకుడు లెక్కలు వేసికొనుచుండగా గొర్రెలను మేపినవారును, పంట కోసినవారును వేరే యుండిరి. వారి పేర్లు ఆ కథలో లేవు.

వెలుపలివారి కథ చెప్పు ఊరొకటి అదే దేశమున గలదు. డెర్బీషైరులోని ఈయమ్ గ్రామమునకు 1665 సెప్టెంబరులో లండనునుండి దర్జీవాని యింటికి వచ్చిన బట్టలమూటతో ప్లేగు ప్రవేశించెనని పరంపరగా చెప్పుదురు. 1666 జూన్‌లో, మతాచార్యుడు విలియం మోంపెసన్, అతనికి పూర్వమక్కడ ఆ పదవి నిర్వహించిన థామస్ స్టాన్లీ కలిసి చెప్పగా, ఊరివారు తమ పొలిమేర దాటి పోమని నిశ్చయించుకొనిరి. రోగము పొరుగూళ్లకు ప్రాకకుండుటకై తమ్ము తామే కట్టడి చేసికొనిరి. మోంపెసన్ భార్య కేథరిన్ ఆగస్టులో మరణించెను. మొత్తము 260 మంది పోయిరని ఆ ఊరివారి లెక్క.

ఆ ఊరి పొలిమేరలో గుంటలు తొలిచిన రాయి ఒకటి నేటికిని చూపుదురు. గ్రామస్థులు ఆ గుంటలలో పులిసిన ద్రాక్షరసము పోసి, అందులో నాణెములు వేసి పోయెడివారు. పొరుగూరివారు వచ్చి అక్కడ రొట్టెలు, ధాన్యము పెట్టి, నాణెములు తీసికొనెడివారు. ఈయమ్ వారి త్యాగము గొప్పది, సందేహము లేదు. కాని ప్రతి దినము ఆ రాతి వరకు నడచి వచ్చిన పొరుగూరివారు లేకున్న ఆ త్యాగము నిలుచునది కాదు.

ఇక మన దేశమునకు వత్తము. 1896లో బొంబాయిలో ప్లేగు పొడచూపినది. 1897 ఫిబ్రవరిలో సాంక్రామికరోగముల చట్టము వచ్చినది. 2020లో ప్రభుత్వములు చేతబట్టినది ఈ పాత చట్టమునే. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి రోగులను వెదకుటవలన ప్రజాగ్రహము రేగి, ఆ యేడు జూన్ 22న ప్లేగు అధికారియైన రాండుపై కాల్పులు జరిగినవి. అచట గడప దాటి లోనికి వచ్చినది రోగముకంటె ముందుగా సర్కారు.

ఒక భేదము గమనింపదగినది. ప్లేగు ఎలుకలను, వాని మీది గోమార్లను ఆశ్రయించి వ్యాపించునది. కావున మన పల్లెలలో ఎలుక పడినదన్న ఇల్లు విడిచిపోవుటయే రక్షణ. జనము ఊరు విడిచి పొలములలోను, తోటలలోను పాకలు వేసికొని యుండెడివారు. మా పెద్దల నోట గత్తర నాటి కథలును, ప్లేగు పాకల కథలును విని పెరిగినవారము మేము. ఆ తరమువారికి మహమ్మారి యనగా ఇల్లు వీడుట. మన తరమువారికి ఇల్లు కదలకుండుట. రోగలక్షణమును బట్టి కట్టడి మారును. కట్టడిలోని కష్టము ఎవరిపై ఎంత పడునన్నది మాత్రము కూలిని బట్టియు, కొంపను బట్టియు నిర్ణయమగును.

2020లో మన ఇండ్ల లోపల ఏమి జరిగినది? అంతవరకు కార్యాలయభవనమునకే కట్టివేసిన కొన్ని నియమములను టెలికాం శాఖ మార్చి నెలలో సడలించినది. హైదరాబాదు మాధాపురము, గచ్చిబౌలి ప్రాంతముల గాజుభవనములనుండి కంప్యూటర్లు కార్లలోను, ఆటోలలోను ఇండ్లకు చేరినవి. భోజనపు బల్ల కచ్చేరీయైనది. ఒక గదిలో తండ్రి సమావేశము, ఒక గదిలో తల్లి సమావేశము, ఉన్న ఒక్క ఫోనులో పిల్లవాని పాఠము. సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణలో యాదగిరి దూరదర్శనమునందును, టీ-శాట్ ప్రసారములందును బడిపాఠములు వచ్చినవి. కార్యాలయపు వేళకును, ఇంటి వేళకును నడుమనున్న గోడ పడిపోయినది. రాత్రి పదిగంటలకు వచ్చిన ప్రశ్నకు అప్పుడే జవాబీయవలసినదాయెను. ఉద్యోగము చేయు స్త్రీలకు ఇంటిపని తగ్గకపోగా రెట్టింపైనది.

మా ప్రసంగకర్తలును ఇండ్లలోనే ప్రసంగములు రికార్డు చేసి పంపిరి. ఒక ఆచార్యులవారు బయటి చప్పుళ్లు వినరాకుండ తలపై దుప్పటి కప్పుకొని శాసనములను గురించి పదిహేను నిమిషములు ప్రసంగించిరి. ఆ దుప్పటి దాటి కుక్కరు ఈల ఒకటి లోనికి వచ్చినది. దానిని మేము తొలగింపలేదు. ఆ వారమున శ్రోతల జాబులు ఆ ఈలను గురించియే వచ్చినవి.

అయితే ఇంటినుండి పని మన ప్రాంతమునకు కొత్తదా? పోచంపల్లిలోను, మంగళగిరిలోను, వెంకటగిరిలోను నేతగాని గుంటమగ్గము ఇంటిలోనే యుండును. ఇల్లాలు రాట్నముపై కండెలు చుట్టును. ఇంటివారందరి చేయియు ఆ బట్టలో నుండును. 2019-20 నాటి చేనేత గణనలో దేశమందు చేనేతలోను, దాని అనుబంధపు పనులలోను ఉన్నవారు 35 లక్షలకు పైబడిరి. వారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతములలో స్త్రీలు తునికాకు, పొగాకు, దారము తెచ్చుకొని, ఇంటి అరుగుపై బీడీలు చుట్టి, కార్ఖానాకు అప్పగించి, వేయికింతయని కూలి తీసికొందురు. వీరందరును తరతరములుగా ఇంటినుండి పని చేయువారే.

కట్టడి వచ్చినప్పుడు మొదట ఆగినవి వీరి చేతులే. నూలు రాలేదు; నేసిన చీర పోలేదు. ఆకు రాలేదు, చుట్టిన బీడీ కొనువాడు లేడు. తీగవెంట పోగల పని సాగినది. బండిమీద పోవలసిన పని నిలిచినది. ఇల్లు ఒకటే, గడప ఒకటే, పని మాత్రము ఒకటి కాదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంటి వద్ద చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించినది. 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇంటిపనివారికై 177వ ఒడంబడికను ఆమోదించినది. ఇంత పూర్వమే పేరు పొందిన ఈ శ్రమను, 2020లో ‘ఇంటినుండి పని’ యని కొత్తగా మాటలాడుకొనిన మేము ఒక్కనాడును తలచుకొనలేదు.

ఇల్లే లేని చోట పని చేయువారి మాట వేరు. హైదరాబాదు సమీపమున కంది గ్రామములో సాంకేతికవిద్యాసంస్థ భవనములు కట్టుచున్న జార్ఖండు కూలీలు ఏప్రిలు చివర తమ ఊళ్లకు పంపుమని ఆందోళన చేసిరి. మే 1వ తేదీ తెల్లవారకముందే లింగంపల్లి స్టేషనునుండి సుమారు 1,200 మందితో హటియాకు రైలు కదలినది. కట్టడి కాలమున వలసకూలీలకై దేశమున నడచిన తొలి రైలు అదియే. ఆ దినము కార్మికదినము. లింగంపల్లి, ఇండ్లనుండి పని సాగుచున్న ఆ గాజుభవనములకు కూతవేటు దూరమే. రైలు దొరకనివారు అంతకు పూర్వమే జాతీయరహదారుల వెంట నడచిపోయిరి.

మా ఇంటి మాట ఒకటి చెప్పుట న్యాయము. మా ఇంట అంట్లు తోము ఆమెను మార్చిలో ‘కొన్నాళ్లు రావద్దమ్మా’ అంటిమి. ఏప్రిలు జీతము పూర్తిగా ఇచ్చితిమి. మే నెల జీతములో సగమే ఇచ్చితిమి. ‘పరవాలేదండీ’ యని ఆమె తీసికొని పోయినది. ఆ రెండు నెలలును మాకు జీతములో ఒక్క రూపాయి తగ్గలేదు. ప్రసారములలో సహాయము చేయుడని, జాలి చూపుడని ప్రతిదినము చెప్పినవారము మేమే.

2022 నాటికి కార్యాలయములు చాలవరకు తెరవబడినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్ అత్యయికస్థితి ముగిసినట్లు ప్రకటించినది. ఇప్పుడా దినములను గురించి మాటలాడుకొనునపుడు ఇంటివద్ద నేర్చిన వంటలు, మేడమీది సాయంకాలములు, తిరిగి వచ్చిన రామాయణ ధారావాహిక జ్ఞాపకము వచ్చును. అవియు నిజమే. వానితోపాటు ఉదయము పాలు తెచ్చినవానిని, వీథి ఊడ్చిన ఆమెను, విద్యుత్తు ఆగకుండ కావలియున్నవానిని, ఆసుపత్రిలో నిలిచినవారిని కూడ లెక్కించుకొనవలెను. లండను తలుపు ముందటి కావలివాడు, ఈయమ్ రాతి వరకు నడచిన పొరుగువాడు వీరే. మరియొక మహమ్మారి రాకమానదని వైద్యులు చెప్పుచున్నారు. ఆనాడు తలుపులు మూయు ముందు, ఈసారి ఎవరి కూలి ఆగునో, ఆ కూలి ఎవరిత్తురో తేల్చుకొనుట మొదటి పనిగా నుండవలెను. మే నెలలోని ఆ సగము జీతమును మేము తరువాత ఇచ్చివేసితిమి. కాని అది అవసరమైన నెలలో ఇచ్చినది కాదు.