రేవు కలిపిన చుట్టరికాలు

చరిత్ర అనగానే మనకి రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ గుర్తొస్తాయి. పెళ్ళికూతురితో సారె ఏ పడవెక్కింది, అవతలి గట్టు అమ్మలక్కలు పేరంటానికి ఎలా వచ్చారు, వరదొస్తుందంటే బియ్యం బస్తా అటకెక్కించమని ఇంట్లో మొదట అరిచిందెవరు - ఇలాంటివి చరిత్ర పుస్తకాల్లో ఉండవు. ఉండాలని అడిగేవాళ్ళూ తక్కువే. కానీ ఒక ఊరి సంగతి తెలియాలంటే కోట గుమ్మం దగ్గర కంటే నీళ్ళ రేవు దగ్గర కాసేపు నిలబడితేనే ఎక్కువ తెలుస్తుంది. పోలవరం విషయంలో ఈ మాట మరీ నిజం.

గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల ఇరుకుల్లో మెలికలు తిరిగి తిరిగి, చివరికి కొండల మధ్య నుంచి బయటపడి హాయిగా ఒళ్ళు విరుచుకునే చోట కుడి గట్టున ఉంది పోలవరం. రాజమండ్రికి ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్ల ఎగువన. పైకి చూస్తే అడవి, కిందికి చూస్తే మైదానం. కాస్త దిగువన పట్టిసీమ, నది మధ్యలో కొండ మీద వీరభద్రస్వామి గుడి. దానికి ఎదురుగా ఎడమ గట్టున పురుషోత్తపట్నం. అదే గట్టున పైకి పోతే గండిపోచమ్మ తల్లి, ఆ తర్వాత దేవీపట్నం. మ్యాపులో చూస్తే నది ఈ ఊళ్ళని రెండుగా చీల్చినట్టే కనిపిస్తుంది. అక్కడి పెద్దవాళ్ళనడగండి. "చీల్చడమేమిటమ్మా, గోదారే కదా మమ్మల్ని కలిపిందీ!" అంటారు.

ఎందుకంటారా? ఆ రోజుల్లో దారంటే నీటిదారే. ధవళేశ్వరం ఆనకట్టని 1852కి పూర్తిచేసిన కాటన్ దొర అంతటితో ఊరుకోలేదు. గోదావరి మీదుగా మధ్య భారతం దాకా పడవలు నడపాలని కలగన్నాడు. నదిలో రాళ్ళు అడ్డొచ్చిన చోట్ల, దుమ్ముగూడెం లాంటి చోట్ల, పనులు కూడా మొదలయ్యాయి. 1871లో సర్కారు ఆ పథకాన్ని వదిలేసింది. దొరగారి స్టీమర్లు రాలేదు గానీ మనవాళ్ళ పడవలు మాత్రం ఆగలేదు. వెదురూ, టేకూ తెప్పలు కట్టుకుని రాజమండ్రి దాకా దిగేవి. తర్వాత లాంచీలొచ్చాయి. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రైలు వంతెన 1900 నాటిదయితే, బస్సు వెళ్ళే వంతెన 1974 దాకా లేనే లేదు. అంటే మన అమ్మమ్మల కాలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళాలంటే రైలైనా ఎక్కాలి, పడవైనా ఎక్కాలి. పోలవరంలో రైలు లేదు. ఇక మిగిలిందేమిటో చెప్పక్కర్లేదు కదా.

లాంచీ అంటే ప్రయాణ సాధనం ఒక్కటే అనుకోకండి. అదొక కదిలే వీధి అరుగు. ఒక పక్కన బుట్టలో కోళ్ళు, ఇంకో పక్కన పనసకాయలు, మధ్యలో చంటిపిల్ల తల్లి, ఆవిడకి చోటిస్తూ "ఏ ఊరమ్మా? ఎవరింటి కోడలివి?" అని మొదలెట్టే పెద్దావిడ. రెండు రేవులు దాటేసరికి గోత్రాలు తేలేవి. మూడో రేవులో మేనరికాలు తేలేవి. నాలుగో రేవు వచ్చేలోగా ఎవరి పిల్లకి ఎవరి పిల్లాడు సరిజోడో కూడా తేలిపోయేది. పెళ్ళిళ్ళ పేరయ్యలకి ఇంతకంటే మంచి ఆఫీసు ఎక్కడ దొరుకుతుంది? ఎండాకాలంలో నీరు తగ్గి లాంచీ ఇసకమేటలో కూరుకుపోతే, సరంగు తిట్టుకునేవాడేమో గానీ ఆడవాళ్ళకి మాత్రం కబుర్లకి ఇంకో గంట కలిసొచ్చేది. రాజమండ్రి నుంచి భద్రాచలం రాములవారి కళ్యాణానికి లాంచీలో వెళ్ళడమే కథగా 1973లో బాపూ రమణలు 'అందాల రాముడు' తీశారు. సినిమా చూసినవాళ్ళకి ఆ సందడి వేరే చెప్పనక్కర్లేదు.

రేవంటే బజారు కూడా. పైనున్న కొండరెడ్లూ, కోయలూ చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, తేనె తెచ్చేవారు. కింద నుంచి ఉప్పూ, కిరసనాయిలూ, బట్టలూ ఎక్కేవి. మైదానంలో మన ఇళ్ళల్లో తద్దినాలకీ, పెళ్ళిళ్ళకీ కుట్టిన విస్తరాకుల్లో ఆ అడవి ఆకులెన్నో! చింతపండు తూకంలో కొండవాళ్ళని మోసగించే వ్యాపారులు ఉండబట్టే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టవలసి వచ్చింది. పచారీ కొట్టువాడి ఖాతా పుస్తకంలో లెక్కకి పుట్టింటి ఊరు పేరు కూడా పూచీగా పనికొచ్చేది. "ఫలానా రేవు వాళ్ళమ్మాయండీ" అంటే అప్పు పుట్టేది.

శివరాత్రి వస్తే పట్టిసీమ తీర్థం. రెండు గట్ల ఆడపడుచులూ ఆ ఇసకతిన్నెల మీదే కలుసుకునేవారు. ఏడాదిలో పుట్టినవాళ్ళెవరు, పోయినవాళ్ళెవరు, ఎవరి కోడలు నెల తప్పింది - అన్నీ అక్కడే విచారణ. ఉపవాసం శివుడికి, ఊసులు మాత్రం చుట్టాలకి.

ఇక సర్కారువారు గీసిన గీతల సంగతి చూడండి. 1925లో కృష్ణా మండలం నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, గోదావరి మండలం పేరు తూర్పు గోదావరిగా మారింది. పోలవరం తాలూకా అప్పటికి తూర్పులోనే ఉంది. 1942లో దాన్ని పశ్చిమంలో కలిపారు. 1920లో అక్కడ పుట్టిన పిల్ల ఇల్లు కదలకుండానే పాతికేళ్ళలోపు మూడు జిల్లాల మనిషయింది! 1959లో పైనున్న భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాకి వెళ్ళాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక, భద్రాచలం పట్నం తప్ప ముంపు మండలాలు తిరిగి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. 2022లో పోలవరం ఏలూరు జిల్లాలోకీ, దేవీపట్నం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్ళాయి. ఇన్ని మార్పుల్లోనూ పసుపూ కుంకుమా పట్టుకుని అవతలి గట్టుకి వెళ్ళే ఇల్లాలు ఏ జిల్లా దాటుతున్నానో చూసుకోలేదు. పడవ ఉంటే చాలు.

నదితో కాపురమంటే అంతా సరదాయే అనుకుంటే పొరపాటు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ఓ పక్క గుమ్మాలకి పసుపు రాస్తూ, ఇంకో పక్క రేడియోకి చెవి ఒగ్గేవారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. ఈ అంకెలు అక్కడి ఆడవాళ్ళకి ఎక్కాల కంటే బాగా వచ్చు. నలభై ఎనిమిదంటే బియ్యం, పప్పులు అటక మీదికి. యాభై మూడంటే పిల్లలూ, పెట్టెలూ మెరకకి. 1986 ఆగస్టులో ఆ లెక్క 75 అడుగులు దాటింది. ఆనాటి వరద చూసినవాళ్ళు ఏ ఇంటి గోడ దగ్గరయినా చెయ్యెత్తి "ఇదుగో, ఇక్కడికొచ్చింది నీరు" అని చూపిస్తారు. 2022 జూలైలో మళ్ళీ 71 దాటింది. వరదప్పుడు ఎవరింటి డాబా ఎత్తుగా ఉంటే వీధంతా వాళ్ళింట్లోనే వంట. కులాల పట్టింపు కూడా ఆ నాలుగు రోజులూ కాస్త తగ్గేదంటారు.

రోడ్లు వచ్చాయి. బస్సులు వచ్చాయి. పుట్టింటికి వెళ్ళే లాంచీ క్రమంగా పాపికొండలు చూపించే విహార లాంచీ అయింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర అలాంటి విహార పడవ ఒకటి మునిగి ఎన్నో కుటుంబాలకి తీరని దుఃఖం మిగిలింది.

అంతకంటే పెద్ద మార్పు ఆనకట్టది. ఇది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. 1940లలోనే రామపాద సాగర్ అన్న పేరు పెట్టారు, నీళ్ళు భద్రాద్రి రాముడి పాదాలు తాకుతాయని. 2004 తర్వాత పనులు జోరందుకున్నాయి. 2014లో జాతీయ ప్రాజెక్టయింది. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఏడు లక్షల పైచిలుకు ఎకరాలకి నీరు, 960 మెగావాట్ల కరెంటు అన్నది లక్ష్యం. పంట ఎండిపోతే రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలిసినవాళ్ళం, నీళ్ళొద్దని ఎవరంటాం?

కానీ ఆ నీటి వెనక సుమారు లక్ష కుటుంబాలు ఇళ్ళు వదలాలి. ఆనకట్ట పక్కనున్న రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది లాంటి కుడి గట్టు ఊళ్ళు ముందుగా లేచాయి. వాళ్ళలో చాలామంది జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం వైపు కాలనీలకి వెళ్ళారు. ఎడమ గట్టున దేవీపట్నం వైపు వాళ్ళు గోకవరం వైపు కదిలారు. గిరిజనులని వీలైనంత వరకూ ఒక్కచోటే కలిపి ఉంచాలని 2013 నాటి భూసేకరణ చట్టం చెబుతుంది. మంచి మాటే. ఒక ఊరివాళ్ళు ఒకచోట ఉంటారు. మరి అవతలి గట్టు వియ్యాలవారి మాటేమిటి? నిన్నటి దాకా పడవ దాటితే ఆడపడుచు గుమ్మం. ఇవాళ జంగారెడ్డిగూడెం దగ్గరి కాలనీ నుంచి గోకవరం దగ్గరి కాలనీకి పోవాలంటే కొవ్వూరు వచ్చి, వంతెన దాటి, రాజమండ్రి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. బస్సు ఛార్జీలు, పిల్లల బడి, కూలి పోవడం చూసుకుని "పైఏడాది చూద్దాంలే" అనుకుంటారు. అలా రెండు పైఏడాదులు గడిస్తే ఎంత దగ్గర చుట్టరికమైనా ఫోన్లో పలకరింపుకి దిగుతుంది.

ఇంటికి పరిహారం లెక్క ఉంది. పొలానికి ఉంది. చెట్టుకి కూడా ఉంది. రేవుకి మాత్రం లెక్క లేదు. ఒక్కొక్క రేవు చుట్టూ నాలుగు తరాలు అల్లిన పిలుపులూ, పేరంటాలూ ఏ కాగితంలో రాస్తారు? సర్కారు రాయలేకపోతే పోనీ, ఆ పని మనం చెయ్యొచ్చు. మన ఇళ్ళల్లో వంశవృక్షాలు రాస్తే మగవాళ్ళ పేర్లే వరసగా ఉంటాయి. కోడళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో ఉండదు. ఏ రేవులో దిగి వచ్చారో అసలే ఉండదు. ఆ మాట చెప్పగల ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ళు ఉన్నప్పుడే అడిగి ఓ నోటుపుస్తకంలో రాసుకుంటే, మునిగిపోయిన ఊరికి మనవలకి చూపించడానికి ఓ గుర్తన్నా మిగులుతుంది.

2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. స్నానానికి ఎక్కడికి వెళదామని ఇంట్లో మాట రాకమానదు. రాజమండ్రా, కొవ్వూరా, పట్టిసీమా అని తేల్చుకునే ముందు మీ అత్తగారినో, అమ్మమ్మనో ఒక్కమాట అడగండి: "మీది ఏ రేవండీ?" అని. ఆవిడ కబుర్లు మొదలెడితే, పనులు ఆపుకుని కాస్త కూర్చోండి.