39 నిమిషాల మొండితనం

సర్వర్లో ఐఎస్టీ కావాలంటే ‘ఏషియా/కోల్‌కతా’ అని పెడతాం కదా. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. 1906 జనవరి 1న ఐఎస్టీ వచ్చింది. కలకత్తా మాత్రం 1948 దాకా తన టైము తనదే అంటూ 24 నిమిషాలు ముందు నడిచింది. పైగా 1911 దాకా దేశ రాజధాని అదే!

పెద్దగా గొడవేం లేకుండానే కలకత్తా తన పని తాను చేసుకుపోయింది. బొంబాయి అలా కాదు, వీధికెక్కింది. దాని సొంత టైము ఐఎస్టీకి 39 నిమిషాలు వెనక. అంటే ఈ రెండూళ్ళ మధ్య గంట పైనే తేడా. రైళ్ళేమో మధ్యలో ఉన్న మద్రాసు టైము ప్రకారం తిరిగేవి. ఆ మద్రాసు టైమునే 1881లో గవర్నర్ ఫెర్గూసన్ బొంబాయికి అంటగట్టబోతే జనం పడనివ్వలేదు, 1883లో వెనక్కి తగ్గారు. మళ్ళీ 1906 జనవరిలో మిల్లు కార్మికులు పని మానేసి రాళ్ళేశారు. 39 నిమిషాల నిద్ర పోతుందంటే మండదా మరి? అంతకన్నా, తమని అడక్కుండా మార్చేశారన్నదే ఎక్కువ మండించిందని నా అనుమానం. మున్సిపల్ కార్పొరేషన్ కూడా పాత టైముకే ఓటేసింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక, 1950ల్లో గానీ ఆ ఊరి గడియారాలు దారికి రాలేదు.