చెవి ముందు వేలు పెట్టి చూడండి

ఉదయం తొమ్మిదిన్నర. దంత వైద్య కళాశాలలో ఓపీ చీట్లు రాసే కిటికీ ముందు వరస అప్పుడే మెట్ల దాకా వచ్చింది. మీరు లోపలికి వెళ్లి మూడో కుర్చీ పక్కన నిలబడ్డారు. కుర్చీలో ముప్పై దాటిన టీచరు. ఎడమ చెంపకు అరచెయ్యి ఆనించుకుని కూర్చుంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో చెవి డాక్టరు రాసిన చుక్కల మందు చీటీ, తలనొప్పికని చేయించుకున్న కంటి పరీక్ష కాగితం, దవడ పన్ను ఎక్స్‌రే.

"మూడు నెలలుగా చెవిపోటు మేడం. చెవిలో ఏమీ లేదన్నారు. ఈ చివరి పన్ను తీసేస్తే పోతుందా?"

డాక్టరు ఇంకా అద్దం కూడా చేతిలోకి తీసుకోలేదు. "పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"లేచేసరికి దవడంతా పట్టేసి ఉంటుంది. మధ్యాహ్నానికి కాస్త వదులుతుంది."

"నమిలితే?"

"చపాతీకే లాగేస్తోంది మేడం. జంతికలు ఎప్పుడో మానేశాను. ఆవలిస్తే ప్రాణం పోతుంది."

ఈ జవాబు గుర్తుపెట్టుకోండి. నమిలినా, ఆవలించినా, ఎక్కువసేపు మాట్లాడినా పెరిగే నొప్పి దవడ కీలు వైపో, నమిలే కండరాల వైపో వేలు చూపిస్తుంది.

మీ చూపుడు వేళ్లు రెండూ చెవుల ముందు ఆనించి, నోరు మెల్లగా తెరవండి. వేళ్ల కింద ఎముక కదులుతోందా? అదే దవడ కీలు. కింది దవడ తల మొదట గుంటలోనే తిరుగుతుంది, తర్వాత ముందుకు జారుతుంది. వెన్నుపూసల మధ్య ఉన్నట్టే ఇక్కడా ఎముకల నడుమ ఒక డిస్క్ ఉంది. అది ముందుకు తప్పుకుంటే, నోరు తెరిచేటప్పుడు ఎముక మళ్లీ దాని కిందికి చేరుతూ చప్పుడు చేస్తుంది.

"తెరవండమ్మా." టక్. ఆ చప్పుడు పక్కన నిలబడ్డ మీకూ వినిపించింది. గడ్డం ఎడమకు ఒరిగి, మళ్లీ మధ్యకు వచ్చింది. పై పళ్లకీ కింది పళ్లకీ నడుమ స్కేలు పెట్టారు: 34 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో చాలామందికి 40 దాటుతుంది. స్కేలు లేకపోతే ఎవరి మూడు వేళ్లు వాళ్లు నిలువుగా పెట్టి చూసుకోవచ్చు. ఆవిడకు రెండే పట్టాయి.

చప్పుడు ఒక్కటే ఉండి, నొప్పీ బిగుసుకుపోవడమూ లేకపోతే భయపడనక్కర్లేదు. అలాంటి దవడలు చాలామందికి ఉంటాయి, వాటికి వైద్యమూ అవసరం లేదు. ఎన్నాళ్లుగానో ఉన్న టక్ ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ రోజు నుంచే నోరు సగమే తెరుచుకుంటే మాత్రం వెంటనే చూపించుకోవాలి. చప్పుడు పోయిందని సంతోషపడతారు కొందరు. నిజానికి డిస్క్ దారికి అడ్డంగా నిలిచిపోయి ఉంటుంది. గరగరమని రాపిడి వినిపిస్తే అది వేరే కథ, కీలు అరిగి ఉండవచ్చు.

"ఇప్పుడు పళ్లు గట్టిగా కరవండి." చెంపలో కండరం ఉబికింది. డాక్టరు వేలితో దాన్ని నొక్కి, కాసేపు అలాగే పట్టుకున్నారు. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఇదేనా మీ నొప్పి?"

"ఇదే మేడం! చెవిలోకి పోతోంది."

వేలు కణత మీదికి వెళ్లింది. "ఇక్కడే తలనొప్పి కూడా." కవర్లో ఉన్న కంటి పరీక్ష ఈ నొప్పి కోసమే. ఆఖరికి అద్దం కాడతో పన్ను మీద తట్టారు. నొప్పి లేదు. చల్లదనానికీ మామూలుగానే ఉంది. ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఏ మచ్చా లేదు.

"పన్ను బాగానే ఉందమ్మా. తీయకూడదు."

నన్నడిగితే ఈ రోజు ఈ గదిలో జరిగిన అతి పెద్ద వైద్యం ఆ ఒక్క మాటే. కండరం నొప్పిని పన్ను నొప్పి అనుకుని మంచి పన్ను పీకితే పన్ను పోతుంది, నొప్పి అలాగే ఉంటుంది, ఆ తర్వాత పక్క పన్ను వంతు. చెవినొప్పి అన్నవాళ్లకు దవడ కూడా చూడాలని 1934లోనే అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు రాశాడు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు, గమనింపు నిలబడింది.

నాలుక అంచుల్లో పళ్ల అచ్చులు, బుగ్గ లోపల తెల్లని గీత కనిపించాయి. "రాత్రిళ్లు పళ్లు కొరుకుతానని మావారు అంటారు. నులిపురుగులేమోనని అమ్మ మందు వేసుకోమంది."

"పురుగులకీ దీనికీ సంబంధం లేదమ్మా. పగలు పేపర్లు దిద్దేటప్పుడు పళ్లు ఎలా ఉంటున్నాయి?"

ఆవిడ ఆలోచించింది. "బిగించే ఉంటాయి మేడం."

నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్లూ కింది పళ్లూ తాకనవసరం లేదు. పెదవులు మూసి, పళ్లు విడిగా ఉంచమన్నారు. కొన్ని వారాలు మెత్తటి తిండి, చెంపకు వేడి కాపడం, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి. చాలామందికి ఇంతలోనే నెమ్మదిస్తుంది.

పక్క కుర్చీలో కుర్రాడికీ నోరు తెరుచుకోవడం లేదు. టక్ లేదు, నొక్కితే నొప్పి లేదు. కారం తగిలితే మంట. బుగ్గలు లోపల తెల్లగా పాలిపోయి, గట్టిపడ్డాయి. జేబులో గుట్కా పొట్లం. ఇది కీలు జబ్బు కాదు. వక్క వల్ల వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్నది. అతన్ని వేరే పరీక్షలకు పంపారు.

టీచరు లేచి నిలబడింది. "మా నాన్నకూ ఎడమ దవడ నొప్పే మేడం. ఆయన్నీ రేపు తీసుకురానా?"

"నమిలితే వస్తుందా?"

"నమిలితే కాదు. ఈ వారం నుంచే, మెట్లెక్కితే వస్తోంది, కూర్చుంటే పోతోంది."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపారు. "ఇక్కడికి వద్దు. రేపటిదాకా కూడా వద్దు. అది గుండెదై ఉండవచ్చు. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, ఈసీజీ తీయాలి."