డప్పు తర్వాత మాట

తెలంగాణలోని రామన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో చాటింపుకు ఒక పద్ధతి ఉండేది. ముందు డప్పు మోగేది, తర్వాత మనిషి నోరు విప్పేవాడు. జనం చెవులను తనవైపు తిప్పుకోవడంతో డప్పు పని అయిపోయేది. పంచాయతీ ఎక్కడ కూడుతుంది, చెరువు తూము ఎప్పుడు తీస్తారు అన్న సంగతి మాత్రం మాటే చెప్పాలి. చాటేవాడు బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి, వాడవాడనా ఆగి, అదే వరసలో మళ్లీ డప్పు కొట్టి మళ్లీ చెప్పేవాడు. మంటలు లేచినప్పుడు భవనంలోని వాళ్లను బయటికి నడిపించే ధ్వని పరికరాలు నేడు చేసే పనీ సరిగ్గా ఇదే. కాకపోతే వాటిని తయారుచేసినవాళ్లు మొదట డప్పు ఒక్కటే తీసుకున్నారు. మాట అవసరమని గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

ఒట్టి మోతతో పని జరగదా అంటే, జరుగుతుంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైనికులు నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి మీద పడ్డప్పుడు బురుజు మీది కాపలాదారులు నగారా మోగించి ఊరిని లేపారు. నగారా మోగితే ఏం చేయాలో ఆ ఊళ్లో అందరికీ ముందే తెలుసు. లాడ్జిలో ఒక్క రాత్రికి దిగిన బాటసారికి, బట్టల దుకాణానికి వచ్చిన కుటుంబానికి అలాంటి ఒప్పందమేదీ ఉండదు.

విద్యుత్తుతో నడిచే అగ్ని హెచ్చరిక 1852లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మొదలైంది. విలియం చానింగ్, మోజెస్ ఫార్మర్ అనే ఇద్దరు టెలిగ్రాఫ్ తీగలతో వీధి పెట్టెలను కేంద్ర కార్యాలయానికి కలిపారు. ఆ కబురు అందేది మంటలార్పేవాళ్లకు. లోపల చిక్కుకున్నవాళ్లకు కాదు. తర్వాత గంటలు భవనాల్లోకీ వచ్చాయి. అయినా అవి చెప్పగలిగింది ‘ఏదో జరిగింది’ అన్నంతవరకే.

1973 నవంబరులో జపాన్‌లోని కుమమోతో నగరంలో తైయో డిపార్ట్‌మెంట్ స్టోర్ తగలబడి వంద మందికి పైగా చనిపోయారు. బయటికి వెళ్లండని మైకులో ఎవరూ చెప్పలేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పొగకు బలయ్యారు. అక్కడా ప్రేక్షకులను హెచ్చరించిన గొంతు లేదు. ఈ రెండింటి నడుమ, బ్రిటన్‌లోని న్యూకాజిల్ మెట్రో స్టేషన్‌లో గిలెన్ ప్రూ, జొనాథన్ సైమ్ అనే పరిశోధకులు ప్రయాణికుల మీద ఒక పరీక్ష చేశారు. గంట మాత్రమే మోగితే చాలామంది కదలకుండా రైలు కోసం ఎదురుచూశారు. ఏం జరిగిందో, ఎటు వెళ్లాలో మైకులో చెప్పినప్పుడు మాత్రం స్టేషన్ చకచకా ఖాళీ అయింది. గంట విని కదలనివాళ్లను మొండివాళ్లని తప్పుపట్టడం సులువే. కానీ దొంగ అలారాలు వినీవినీ అలవాటుపడిన చెవులు అవి.

మన దేశంలో అగ్ని గుర్తింపు, హెచ్చరిక వ్యవస్థలకు ప్రామాణికం ఐఎస్ 2189. దాని ప్రకారం సౌండర్ మోత కనీసం 65 డెసిబెల్స్ ఉండాలి, లేదా చుట్టూ ఉన్న రొదను 5 డెసిబెల్స్ మించాలి. మనుషులు పడుకునే చోట మంచం తల దగ్గర 75 డెసిబెల్స్ వినపడాలి. వరండాలో ఒక హూటర్ బిగించి చేతులు దులుపుకునే కాంట్రాక్టర్లు మరిచేది ఈ చివరి అంకెనే. మూసిన తలుపు చాలా మోతను మింగేస్తుంది. ఎత్తైన భవనాల్లో ప్రతి అంతస్తుకూ మాట చేరేలా పబ్లిక్ అడ్రస్ వ్యవస్థ ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది.

మాట వినపడినా పొగలో దారి కనపడకపోవచ్చు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో లేచిన మంట పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జి గదుల్లోకి పాకింది. ఎనిమిది మంది చనిపోయారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువ ఉద్యోగులు పొగలో ఊపిరాడక పోయారు. అంతకు ముందు, 2020 ఆగస్టు 20 రాత్రి, పాత మహబూబ్‌నగర్ జిల్లా నల్లమలలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. కొండ కడుపులో కట్టిన 900 మెగావాట్ల కేంద్రం అది. సొరంగం నిండా పొగ కమ్మడంతో రక్షణ బృందాలకే లోపలికి దారి దొరకలేదు. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ దారులు కొత్తవి కావు. కళ్లు పనిచేయని చోట తెలిసిన దారి కూడా తెలియని దారే.

సరిగ్గా ఆ చీకటి కోసమే దిక్కు చెప్పే ధ్వని పుట్టింది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డెబోరా విథింగ్టన్ దీని మీద పనిచేశారు. ఒకే స్వరంలో కీచుమనే సైరన్ ఎటునుంచి వస్తోందో చెవి సులువుగా పోల్చుకోలేదు. వర్షం హోరులా ఎన్నో స్వరాలు కలిసిన ధ్వనైతే ఎటునుంచి వస్తోందో ఇట్టే పసిగడుతుంది. అలాంటి ధ్వని చేసే పెట్టెను బయటి తలుపు పైన బిగిస్తే పొగలో ఉన్న మనిషి చెవినే నమ్ముకుని నడవగలడు. జపాన్‌లో తలుపు మీది ఆకుపచ్చ దీపానికే మాట్లాడే స్పీకర్‌ను కలిపారు. అయితే పెట్టెను ఎక్కడ బిగించాలన్నది ఆషామాషీ నిర్ణయం కాదు. తాళం వేసి ఉంచే తలుపు మీద పెడితే జనాన్ని చేజేతులా చావుకు పిలిచినట్టే. మంట ఉన్న వైపు పెట్టె మూగబోయేలా, హెచ్చరికలను నడిపే ప్యానెల్‌కు ముందే నేర్పాలి. కరెంటు పోయినా బ్యాటరీ మోయాలి, తీగ వేడికి తట్టుకోవాలి.

ఇక ఏ భాషలో చెప్పాలి? 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో కాలిపోయిన 11 మందీ బిహార్ కూలీలు. చౌటుప్పల్, బీబీనగర్ ఫ్యాక్టరీ షెడ్లలోనూ అలాంటి వలస కార్మికులు ఎందరో. హైదరాబాద్ మెట్రో ప్రకటనలు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలో వినిపిస్తాయి. షెడ్డు గోడ మీది స్పీకర్‌కూ ఆ పాటి పాఠం రికార్డు చేసిపెట్టడం పెద్ద పనేమీ కాదు.

రామన్నపేట లాంటి మండల కేంద్రాల్లో ఆకాశహర్మ్యాలు లేవు. ఉన్నవి పెళ్లిళ్లు జరిగే ఫంక్షన్ హాళ్లు. రాష్ట్ర అగ్నిమాపక చట్టం జనం గుమిగూడే కట్టడాలను ఎత్తైన భవనాలతో పాటే లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ వందల మంది, బాజాలు, డీజే పెట్టెలు. అరుపుకు అరుపే వినపడదు. పొగ జాడ తగలగానే ప్యానెల్ చేయాల్సిన మొదటి పని ఆ పాట ఆపడం. అందుకు డీజే కరెంటు లైనులో ఒక రిలే బిగిస్తే సరిపోతుంది. ఆ తర్వాత హాల్లో విడిగా ఉండే హెచ్చరిక స్పీకర్లు వంటశాల వైపు తలుపు ఎటో, రోడ్డు వైపు గేటు ఎటో తెలుగులో చెప్పొచ్చు.