సుంకములు దిద్దిన నాలుక

1822వ సంవత్సరము ఆగస్టు మాసమున ఇంగ్లండు ప్రభువైన నాలుగవ జార్జి ఎడింబరో నగరమునకు వేంచేసినప్పుడు, సర్ వాల్టర్ స్కాటు సూత్రధారియై నడపిన ఊరేగింపులలోను విందులలోను నగరమంతయు మునిగితేలుచుండగా, రాజపరివారములోని లార్డు కానింగమ్‌కు మాత్రము ఒక చిక్కు వచ్చిపడెను. రాజుగారు స్కాట్లండు కొండలలోని గ్లెన్‌లివెట్ లోయ విస్కీ తప్ప వేరొకదానిని ముట్టరు. ఆ సరుకు రాజధాని బజారులో దొరకదు. దొరకకపోవుటకు హేతువు స్పష్టమే: ఆ కొండలోయలో నాడు కాగుచుండిన విస్కీ సర్కారు కన్నుగప్పి కాచిన దొంగసారా. రోతీమర్కస్ జమీందారును పార్లమెంటు సభ్యుడును అయిన జాన్ పీటర్ గ్రాంటు ఈ సంగతి తెలిసికొని, స్వస్థలముననున్న తన కుమార్తె ఎలిజబెత్తునకు కబురంపగా, ఆమె చిరకాలము పీపాలలో మాగి మెత్తబడిన విస్కీని తన సొంత నిలువనుండి తీసి పంపినది. కొన్ని యేండ్లకు తండ్రికి హిందూదేశములో న్యాయమూర్తి పదవి లభించుటకు ఆ విస్కీ తోడ్పడినదని ఆమె తన స్మృతిగ్రంథములో వ్రాసికొనినది. శాసనములకు అధిపతియైనవాడు శాసనోల్లంఘనము వలన పుట్టిన పానీయమునే కోరుట, దానిని సమర్పించిన శాసనసభ్యుడు పిదప న్యాయాసనము నెక్కుట చూడగా, ఆనాటి స్కాట్లండులో దొంగసారాకు ఉండిన గౌరవము బోధపడును.

రాజుగారిది వట్టి మోజు కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున మైదాన ప్రాంతపు సారా తయారీదారులపై పన్ను, కాచిన సారా పరిమాణమును బట్టి గాక, బట్టీపాత్ర పరిమాణమును బట్టి విధింపబడెను. పన్ను పాత్రకే గనుక ఒకే పాత్రను ఎన్నిమారులు నింపి దింపిన అంత లాభము. కావున వారు వెడల్పు హెచ్చుగను లోతు తక్కువగను ఉండు పాత్రలను చేయించి, పెనుమంటపై క్షణములలో కాచి దింపుచు, మరల నింపుచు, అహోరాత్రములు పరుగులెత్తిరి. సన్నని సెగపై మరగిన పాలకును, ఒక్కమారుగా పొంగించి దించిన పాలకును ఎట్టి భేదము గలదో, కొండల విస్కీకిని మైదానపు విస్కీకిని అట్టి భేదము ఏర్పడెను. కొండలలోని దొంగబట్టీవానికి పన్ను లేదు గనుక తొందరయు లేదు. చిన్న రాగిపాత్రలో మొలకెత్తిన యవల మాల్టుతో నిదానముగా కాచుకొనెను. ఆ విధముగా మంచి రుచి చట్టమునకు ఆవలి గట్టున నిలిచిపోయినది. 1823వ సంవత్సరపు చట్టము సుంకమును సగమునకు పైగా తగ్గించి, సంవత్సరమునకు పది పౌనులు చెల్లించినవానికి లైసెన్సు నిచ్చుటతో, మరుసటి యేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్తు మొదటి లైసెన్సు తీసికొనెను. ఇరుగుపొరుగు దొంగబట్టీలవారు అతనిని ద్రోహిగా నెంచి, బట్టీని తగులబెట్టుదుమని బెదిరించుటచే, అతడు రెండు పిస్తోళ్లను నడుమున ధరించి తిరుగవలసివచ్చెను. సుంకము చెల్లించుటకు ఆయుధము ధరించినవారు లోకములో అరుదు.

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మనవారందురు. విస్కీ విషయమున ఈ సామెతను శిరసావహించువారు మిక్కిలి కలరు. చుక్క నీరు కలిపినను పాపమని ఒకరు, సోడా లేనిదే గొంతు దిగదని మరొకరు, మంచుగడ్డ వేసినవానికి రసజ్ఞత లేదని వేరొకరు వాదించుచు, ఎవరికివారే తమ పద్ధతి తమ నాలుక స్వతంత్రముగా చేసికొన్న నిర్ణయమని దృఢముగా నమ్ముదురు. నాకు అట్లు తోచదు. ఆ నిర్ణయములో సగము పన్నుల కచేరీది. మిగిలినదానిలో కొంత ఒక పురుగుది, కొంత ఎండది. నాలుక వంతునకు వచ్చునది స్వల్పము.

పురుగు సంగతి త్వరగా ముగింతును. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున ఇంగ్లండు పెద్దమనిషి సాయంకాలము సేవించినది విస్కీ కాదు, ఫ్రాన్సునుండి వచ్చిన బ్రాందీ. 1860 ప్రాంతముల అమెరికానుండి ఫ్రాన్సు చేరిన ఫిలాక్సెరా యను కీటకము ద్రాక్షతీగల వేళ్లను తొలిచి, పిదపటి రెండు దశాబ్దములలో తోటలను తోటలుగా మాడ్చివేయగా, బ్రాందీ సీసాలు దుర్లభములైనవి. ఆ ఖాళీని నింపుటకు విస్కీ అప్పటికే వేషము మార్చుకొని సిద్ధముగా నుండెను. ఈనియాస్ కాఫీ యను ఐరిష్ సుంకాధికారి 1830లో పేటెంటు పొందిన నిలువుబట్టీలో తేలికయైన ధాన్యసారా ఎడతెగక దిగుచుండెను. దానిని ఘాటైన మాల్టు విస్కీతో గిడ్డంగిలోనే కలుపుకొనుటకు 1860లో చట్టము అనుమతి నిచ్చెను. ఎడింబరో వర్తకుడైన ఆండ్రూ అషరు ఆ మిశ్రమమునకు ప్రసిద్ధి తెచ్చెను. కొండగాలిని ఎరుగని లండను నాలుకకు సరిపడినది ఇదియే. ఇట్టి మిశ్రమము విస్కీయే కాదని 1905లో ఇస్లింగ్టన్ పురపాలకసంఘము కోర్టుకెక్కగా, రాజు నియమించిన విచారణ సంఘమొకటి 1909లో మాల్టుసారా, ధాన్యసారా రెండును విస్కీయేయని తేల్చివేసినది.

ఈ మార్పు ఒకే కుటుంబములో తండ్రికిని కొడుకునకును మధ్య జరిగిన సందర్భమొకటి మన దేశముతో ముడిపడియున్నది. విన్‌స్టన్ చర్చిలు 1896లో నాలుగవ హుస్సారుల పటాలముతో బెంగుళూరు చేరినప్పుడు ఆయన వయస్సు ఇరువది రెండేండ్లకు లోపు. ఆ నవంబరులోనే హైదరాబాదునకు వచ్చి, ఆ పటాలము పోలో ఆటలో గోల్కొండ కప్పును గెలుచుకొనినది. తోడి యధికారులు మాటిమాటికి విస్కీ సోడా తెమ్మని సేవకులను పిలుచుచుండగా, ఆ పొగవాసనలో వారికేమి యానందము కనబడినదో ఆయనకు అర్థము కాలేదు. షాంపేను ఆయనకు ఇష్టము. అప్పుడప్పుడు కొద్దిపాటి బ్రాందీ అంగీకారము. విస్కీ మాత్రము సహింపరానిది. మరుసటి సంవత్సరము వాయవ్య సరిహద్దులోని మలకందు యుద్ధమునకు పోయినప్పుడు, అచ్చటి దహించు ఎండలో టీ గాక దొరకునది గోరువెచ్చని నీరొక్కటే: దానిని వట్టిగా త్రాగవచ్చును, నిమ్మరసముతో త్రాగవచ్చును, లేదా విస్కీతో త్రాగవచ్చును. ఐదు దినములలో ఏవగింపు అణగిపోయినదనియు, ఏవగింపే క్రమముగా ఆకర్షణయైనదనియు ఆయన 1930లో వెలువడిన తన బాల్యయౌవన చరిత్రలో ఒప్పుకొనినాడు. తన తండ్రి లార్డు రాండాల్ఫు చలిగాడ్పులు వీచు బంజరులలో తప్ప విస్కీని ముట్టియుండడనియు, ఆయనది బ్రాందీ సోడాల యుగమనియు కూడ అచ్చటనే వ్రాసినాడు. ఇంతటి ప్రసిద్ధ విస్కీప్రియుని రుచికి గురువులు గోరువెచ్చని నీరును, గత్యంతరము లేమియు. జీవితాంతము ఆయన దానిని మిక్కిలి పలుచన చేసికొని, గంటల తరబడి చప్పరించుట కూడ ఆ సరిహద్దు శిక్షణ ఫలమే యని నా యూహ. (బెంగుళూరు క్లబ్బువారి 1899వ సంవత్సరపు బాకీల పట్టికలో ఆయన పేరిట పదమూడు రూపాయలు వసూలు కానివిగా నేటికిని నిలిచియున్నవి, అవి ఏ పానీయమునకు చెల్లవలసినవో పట్టిక చెప్పదు.)

సోడా ఈ దేశపు దొరలకు ప్రాణప్రదమగుటకు కారణము రుచికన్న ముందు ఆరోగ్యము. బావినీటిని నమ్మని గుండెకు, యంత్రముతో నింపి బిగించిన సీసా ధైర్యమిచ్చెను. 1870లలో హైరం కాడ్ కనిపెట్టిన గోలీసీసా క్లబ్బు బల్లలను దాటి రైల్వేస్టేషనులకును, పిదప మన తిరునాళ్లకును వచ్చి, విస్కీ పేరైనను వినని పిల్లలకు ‘టప్’ మను శబ్దముతో నిమ్మకాయ సోడా పోసినది. దొరలు వెడలిపోయినను గోలీసోడా మన యూళ్లలో నిలిచిపోయినది.

రుచి దేశమునుండి దేశమునకు ప్రయాణించుట ఎంత కష్టమో జపాను వృత్తాంతము చెప్పును. హిరోషిమా ప్రాంతములో సాకే కాచు కుటుంబమున పుట్టిన మసతాక తకెత్సురు 1918లో స్కాట్లండునకు పయనమై, గ్లాస్గోలో రసాయనశాస్త్రము చదివి, లాంగ్‌మార్న్, హేజల్‌బర్న్ బట్టీలలో స్వయముగా పనిచేసి, ప్రతి గొట్టమును ప్రతి పీపాను నోటుపుస్తకములలోనికి ఎక్కించుకొని, రీటా కోవన్ యను స్కాట్లండు యువతిని వివాహమాడి, 1920లో స్వదేశమునకు మరలెను. ఒసాకా వర్తకుడైన షింజిరో తొరియీ అతనిని పనిలో పెట్టుకొని, క్యోటో సమీపమున యమజాకి బట్టీని కట్టించెను. 1929లో తొలి విస్కీ షిరోఫుదా వెలువడెను. తకెత్సురు తన స్కాట్లండు గురువులకు సంపూర్ణముగా విధేయుడై, పీట్ యను చిత్తడినేల మట్టిగడ్డలను కాల్చిన పొగలో మాల్టును ఆరబెట్టి, స్కాట్లండు గాలినంతయు సీసాలో నింపినాడు. కొనినవారు మాడువాసన యని మొగము త్రిప్పుకొనిరి. రాజులు మెచ్చిన గ్లెన్‌లివెట్ విద్య ఒసాకాలో చెల్లలేదు. తొరియీ జపాను నాలుకకు తగినట్లు పొగను తగ్గించి, మెత్తని సువాసనకు ప్రాధాన్యమిచ్చి, 1937లో కకుబిన్‌ను విడుదల చేసి విజయము నందెను. తకెత్సురు వంగలేదు, 1934లో విడివడి, స్కాట్లండును తలపించు చలిప్రదేశమును వెదకికొనుచు హొక్కైడో దీవిలోని యోఇచికి పోయి, పీపాలు మాగువరకు ఆపిలుపండ్ల రసమమ్ముచు కాలక్షేపము చేసి, 1940లో తన నిక్కా విస్కీని బజారునకు తెచ్చెను. ఈ యిరువురిలో ఎవరిది ఒప్పని నన్నడిగినచో, వర్తకునిది తెలివి యనియు, మొండివానిది విద్య యనియు చెప్పుదును. జపానువారు మాత్రము ఆ ఘాటును నీటితోను సోడాతోను పలుచన చేసి భోజనముతో సేవించు ఆచారమును పెంచుకొని, తగవును తమకు తోచిన రీతిని తీర్చుకొనిరి.

నీరు కలుపుట అపచారమనువారికి ఒక మాట. విస్కీ మిశ్రమములను కూర్చు నిపుణులు పీపానుండి తీసిన సారాను నీటితో ఇరువది శాతము బలమునకు దించి గాని వాసన చూడరు. బలము హెచ్చుగా నున్న మద్యపుటావిరి ముక్కును మొద్దుబార్చి, సన్నని పరిమళములను కప్పివేయును. 2017లో స్వీడను దేశపు ఇద్దరు పరిశోధకులు, పొగవాసనకు మూలమైన గ్వాయకాల్ అణువులు బలము తగ్గినకొలది ద్రవపు పైభాగమునకు చేరునని కంప్యూటరు గణనములతో చూపిరి. కాబట్టి రెండు చుక్కలు పోసికొనువాడు విస్కీని చెరచుట లేదు, విప్పుచున్నాడు. మంచుగడ్డ విషయమున నేను వాదింపను. చలువ వాసనను అణచుననుట నిజమే గాని, మే నెలలో విజయవాడలో కూర్చున్నవానికి ఈ శాస్త్రమును బోధించుట దయలేని పని.

మన దేశములో అమ్ముడుపోవు విస్కీలో అధికభాగము ధాన్యముతో గాక చెరకుమడ్డితో దిగిన సారా. యూరపు చట్టము ప్రకారము అది విస్కీ పేరుతో అచ్చట అమ్మరానిది. కోట్లమంది నాలుకలు ఆ తీపికే అలవాటుపడినవి. దానికి కారణము చెరకు సమృద్ధియు, దిగుమతి స్కాచి సీసాపై ఉండిన 150 శాతము సుంకమును. ఎండలో మాగిన పీపా ఎట్లుండునో నిరూపించుటకు బెంగుళూరులోని అమృత్ సంస్థ యవలతో కాచిన సింగిల్ మాల్టును 2004లో గ్లాస్గోలోనే మొదట విడుదల చేసెను. స్కాట్లండులో ఏటికి రెండు శాతముగా ఆవిరియైపోవు సారా బెంగుళూరులో పది శాతమునకు పైగా పోవును గనుక, ఏండ్ల పని తక్కువ కాలములో ముగియును. ఇక ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు మొదలు 2024 అక్టోబరు వరకు దుకాణములను ప్రభుత్వమే నడపినప్పుడు, అలవాటైన పేర్లు పెక్కు బీరువాలలో కానరాక, త్రాగువారు బల్లపై పెట్టినదానితోనే సరిపెట్టుకొనిరి, లేదా తెలంగాణ సరిహద్దువైపు చూచిరి. 2025 జూలైలో బ్రిటనుతో సంతకమైన వర్తక ఒప్పందము ప్రకారము స్కాచిపై ఆ సుంకము తొలుత 75 శాతమునకును, పదేండ్లలో 40 శాతమునకును దిగునట్లు నిర్ణయమైనది. అప్పటికి మన క్లబ్బులలోని పెద్దలు ఏ రుచి తమకు పుట్టుకతోనే వచ్చినదని చెప్పుకొందురో వినవలసియున్నది.