ఒక్క మనిషి లెక్క

రిచర్డ్ క్లార్క్ కాబట్ అనే బోస్టన్ డాక్టరు లేకపోతే నాకు ఉద్యోగమే ఉండేది కాదు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఓపీలో కూర్చుని, ‘మందు రాసిస్తున్నాను సరే, ఇంటికెళ్తే ఈ మనిషికి తిండి ఉందా, గాలి ఆడే గది ఉందా?’ అని ఆలోచించినవాడు ఆయన. 1905లో అక్కడే వసారాలో ఒక మూల సోషల్ వర్కర్‌ని కూర్చోబెట్టాడు. మరుసటి ఏడాది ఐడా కానన్ వచ్చి ఆ మూలని ఒక వృత్తిగా నిలబెట్టింది. విశాఖలో ఒక పెద్దాసుపత్రి కాలిన గాయాల వార్డు బయట నేను వేసుకున్న బల్ల, దాని మీది కేసు షీట్లు, అన్నీ ఆ మూల సంతానమే.

కాబట్‌లో నాకు నచ్చే గుణం ఇంకొకటుంది. తాను తెచ్చిన పనిని తానే గుడ్డిగా నమ్మలేదు. 1931లో అమెరికా సోషల్ వర్కర్ల జాతీయ మహాసభకి అధ్యక్షుడిగా నిలబడి, మీ సాయంతో ఎవరు బాగుపడ్డారో, ఎవరు బాగుపడలేదో కొలిచి చూపండని అడిగాడు. సభలో అధ్యక్షులు సాధారణంగా ఇలాంటివి అడగరు, దండలు వేయించుకుని వెళ్తారు. ఈయన అడగడమే కాదు, పరీక్ష కూడా పెట్టించాడు.

కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు పక్కపక్క ఊళ్ళలో 506 మంది మగపిల్లల్ని తీసుకుని, ఒకరికొకరు సరిపోయేలా జతలు కట్టారు. ప్రతి జతలో ఒకడికి సాయం, ఇంకొకడికి ఏమీ లేదు. ఎవడు ఎటో నాణెం ఎగరేసి తేల్చారు. సాయం అందిన పిల్లవాడింటికి సగటున నెలకి రెండుసార్లు ఒక కౌన్సిలర్ వెళ్ళేవాడు. చదువు చెప్పించడం, డాక్టరుకి చూపించడం, వేసవి శిబిరాలకి పంపడం, ఇలా అయిదేళ్ళకి పైగా సాగింది. 1939లో పని మొదలైంది, ఆ ఏడాదే కాబట్ చనిపోయాడు. ఫలితం ఆయన చూడలేదు. ఒక రకంగా మంచిదే అయింది.

ఎందుకంటే ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల్ని, అప్పటికి నడివయసు మనుషుల్ని, ఒక్కొక్కర్నీ వెతికి పట్టుకుంది. 1978లో ఆమె ప్రకటించిన ఫలితాల్లో సాయం అందినవాళ్ళు అందనివాళ్ళకంటే ఒక్క విషయంలోనూ మెరుగ్గా లేరు. తాగుడు, మానసిక జబ్బు, చిన్న వయసులో చావు లాంటి కొన్ని లెక్కల్లో ఇంకా అధ్వాన్నంగా ఉన్నారు. అదే మనుషుల్ని ‘ఆ కార్యక్రమం మీకు ఉపయోగపడిందా?’ అని అడిగితే, మూడింట రెండొంతుల మంది ‘ఉపయోగపడింది’ అన్నారు.

ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. బాగుందని అనిపించడం ఒకటి, బాగుపడటం ఇంకొకటి. మా వృత్తి చరిత్రలో ఇంతకంటే చేదు మాత్ర నాకు కనబడలేదు.

మెక్‌కార్డ్ కంటే ముందే, 1973లో జోయెల్ ఫిషర్ అనే పరిశోధకుడు ఇంకో దెబ్బ కొట్టాడు. పోల్చడానికి కంట్రోల్ గ్రూపు పెట్టి చేసిన పదకొండు అధ్యయనాలు ముందేసుకుని, ‘కేస్‌వర్క్ పనిచేస్తుందా?’ అని శీర్షిక పెట్టి వ్యాసం రాశాడు. మనిషి మనిషికీ విడిగా చేసే ఈ సాయం పనిచేస్తుందనడానికి ఆధారం దొరకలేదన్నాడు. చాలామందికి కోపమొచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? కానీ తొమ్మిదేళ్ళ తర్వాత, 1982లో, అదే ఫిషర్ మార్టిన్ బ్లూమ్‌తో కలిసి, సోషల్ వర్కర్ తన పనిని తానే ఎలా కొలుచుకోవాలో చెప్పే లావుపాటి పుస్తకం రాశాడు. ‘ఇవాల్యుయేటింగ్ ప్రాక్టీస్’ దాని పేరు. అంతకు మూడేళ్ళ ముందే శ్రీనికా జయరత్నె, రోనా లెవీ కలిసి ఇదే దారిలో ఒక పుస్తకం తెచ్చారు. వందలమంది జతలూ, ముప్ఫై ఏళ్ళ ఎదురుచూపూ అక్కర్లేదు, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి చాలు, ఆ మనిషిని అతనితోనే పోల్చండి, సాయానికి ముందు అతను, సాయం తర్వాత అతను అన్నది ఈ పుస్తకాల సారాంశం. దాన్నే మేం సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ అంటాం.

ఇది సోషల్ వర్కర్లు కనిపెట్టింది కాదు, ఎరువు తెచ్చుకున్నది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో అచ్చేసిన జ్ఞాపకశక్తి పుస్తకంలో ఒకే ఒక్క మనిషి ఉన్నాడు, ఆయనే. అర్థంలేని పదాలు రెండువేల మూడువందల దాకా తయారుచేసుకుని, బట్టీపట్టి, మరిచిపోయి, మళ్ళీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచాడో లెక్క రాశాడు. పరీక్షించేవాడూ, పరీక్షకి కూర్చున్నవాడూ ఒకడే కాబట్టి తనని తానే మోసం చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే చదివే వేగాన్ని గడియారం టిక్కులకి కట్టేశాడు. ఆ తర్వాత మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ శిష్య పరంపర, 1960లో ముర్రే సిడ్మన్ పుస్తకం, 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీల వ్యాసం కలిసి దీన్ని ప్రయోగశాల నుంచి బడికి, ఇంటికి తెచ్చాయి. అక్కడినుంచి మాకు. గ్రాఫు మీద మేం గీసే అడ్డగీతల పట్టీ ఉందే, అది 1924లో వాల్టర్ షూహార్ట్ టెలిఫోన్ పరికరాల తయారీలో లోపాలు పట్టడానికి వేసిన చార్టు వంశమే. ఫ్యాక్టరీ సరుకుకి పనికొచ్చిన గీత మనిషి నిద్రకి కూడా పనికొస్తుందని వినగానే నవ్వొస్తుంది, కానీ వస్తుంది.

ఎలాగో చెబుతాను. మా ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్ పీజీ) పిల్లల్లో ఫీల్డ్‌వర్క్‌కి కాలిన గాయాల వార్డులో పడ్డ అమ్మాయి ఉందనుకోండి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, పట్టినా ఉలిక్కిపడి లేస్తోంది. ఇలాంటి అలసటకి ‘బర్నౌట్’ అని పేరుపెట్టి 1974లో రాసినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో రాత్రుళ్ళు పనిచేసి తానే కూలబడ్డవాడు. అంతవరకూ కేసు వైపే తిరిగి ఉన్న కొలబద్ద అక్కడినుంచి మెల్లగా వర్కర్ వైపు తిరిగింది. అమెరికా నేషనల్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్ తమ నీతి నియమావళిలోకి సెల్ఫ్‌కేర్‌ని ఎక్కించింది మాత్రం 2021లోనే.

సరే, అమ్మాయి గ్రాఫు కాగితం తీసింది. కింద తేదీలు, పక్కన నిద్రపోయిన గంటలు. మొదటి వారం ఏ మార్పూ చేయకూడదు, రాయడమే. నాలుగు, నాలుగున్నర, అయిదు, ఆదివారం ఏడు, మళ్ళీ నాలుగు. దీన్ని బేస్‌లైన్ అంటాం, కాగితం మీద ‘ఎ’. తర్వాత నిలువుగా ఒక చుక్కల గీత. దానికి కుడివైపు ‘బి’. ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకోవడం మొదలైంది. ఒక్కటే మార్పు. ఫోనూ, ప్రాణాయామమూ, బీచ్ రోడ్డులో నడకా ఒకేసారి మొదలెడితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. ‘ఎ’ సగటుకి పైనా కిందా రెండేసి ప్రామాణిక విచలనాల దూరంలో అడ్డగీతలు గీస్తుంది. ‘బి’లో వరుసగా రెండు బిందువులు పైగీత దాటితే ఇది ఊరికే వచ్చిన ఎగుడుదిగుడు కాదని అనుకోవచ్చు. అనుకోవచ్చు అనే అన్నాను. పరీక్షలైపోవడం వల్లో, వార్డులో పోస్టింగ్ మారడం వల్లో కూడా నిద్ర వచ్చి ఉండొచ్చు. అందుకే తెగువ ఉన్నవాళ్ళు ఫోను మళ్ళీ దిండు పక్కకి తెచ్చుకుని, నిద్ర గంటలు మళ్ళీ తగ్గుతాయేమో చూస్తారు. క్లయింటుకిచ్చిన సాయాన్ని ఇలా వెనక్కి లాక్కోవడానికి ఏ సోషల్ వర్కర్‌కీ చెయ్యి రాదు, రాకూడదు కూడా. మన మీద మనం చేసుకునేటప్పుడు ఆ పేచీ లేదు.

తన మీద తానే చేసుకునే ఈ లెక్క మన గోదావరి గట్టున కూడా ఒకసారి మొదలైంది. 1929 మే నెలలో గాంధీ ఆంధ్ర పర్యటనలో ఉండగా, రాజమండ్రిలో ప్రకృతి వైద్యం నడిపే సుందరం గోపాలరావు ఆయనకి నిప్పు తగలని తిండి తినమని నచ్చజెప్పాడు. గాంధీ వెంటనే దిగిపోయాడు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, బాదం ముద్ద 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు అని తూకాలతో సహా జూన్ నెల ‘యంగ్ ఇండియా’లో అచ్చేశాడు. పాఠకులకి తన ఒంటిని తెరిచి చూపించాడు. ఆగస్టు నాటికి జిగట విరేచనాలు పట్టుకుని ప్రయోగం ఆపేసి మేకపాలకి తిరిగొచ్చాడు, అదీ దాచకుండా రాశాడు. ఆ నిజాయితీకి దండం పెడతాను. కానీ పద్ధతి సంగతికొస్తే నా విద్యార్థి అయితే తిప్పి పంపేదాన్ని. తిండిలో నాలుగైదు మార్పులు ఒకేసారి చేశాడు, మొదలెట్టకముందు తన ఒంటి తీరు ఎలా ఉందో కొన్నాళ్ళు రాసుకుని కూర్చోలేదు. ఆయనకి అంత తీరిక ఎక్కడిది!

గోపాలరావు గాంధీని ఒప్పించిన ఏడేళ్ళకి, 1936లో, బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికావాడు. మన పాఠ్యపుస్తకాల్లో సగం ఆ దేశం నుంచే వచ్చాయి, వాటితోపాటు వాళ్ళ అనుమానాలు కూడా వచ్చి ఉండాల్సింది. అవి మాత్రం ఓడలోనే ఉండిపోయినట్టున్నాయి. మన సంస్థల నివేదికల్లో ‘లబ్ధిదారులు సంతోషం వ్యక్తం చేశారు’ అన్న వాక్యం చూసినప్పుడల్లా సోమర్‌విల్ పిల్లలు గుర్తొస్తారు.

మా విద్యార్థులు తమ మీద తాము చేసుకునే సెల్ఫ్‌కేర్ ప్రాజెక్టుల్లోనూ అదే జబ్బు. పిల్లలు నడక మొదలెట్టిన రోజు నుంచే లెక్క మొదలెడతారు. మనిషి బాగా నలిగిపోయిన రోజే కదా ‘రేపట్నుంచి మారతాను’ అనుకునేది. ఆ అట్టడుగు నుంచి ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, కాస్త పైకే వస్తాడు. బెండకాయలు వేయకముందే తక్కెడ ముల్లు ఎక్కడుందో చూడనివాడు తూకం గురించి మాట్లాడటం అది. పైగా ఆ ముందు వారం ఊరికే రాసుకోవడమే కొందరికి చికిత్సై కూర్చుంటుంది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నానో రేపు రాయాలి కదా అని పెందలాడే లైటు ఆర్పేస్తారు. అది కూడా ఒక ఫలితమే, అది కనబడాలన్నా ఎడమవైపు బిందువులు ఉండాలి.

అందుకే మా పిల్లలకి ముందే చెప్పేశాను. గ్రాఫు ఎంత అందంగా పైకి పాకినా సరే, చుక్కల గీతకి ఎడమవైపు ఖాళీగా ఉంటే మార్కులు వేయను.